వంగమడి చుట్టూ వల

తాతబాబు ఆ వంకాయలు నవ్వుతూనే తెచ్చి ఇచ్చాడు. పళ్ళెంలో పేర్చి, పైన తువ్వాలు కప్పి, పెళ్ళివారింటి సారె తెచ్చినట్టు తెచ్చి అరుగు మీద పెట్టాడు. సుందర్ రాజ్ తువ్వాలు తీసి చూశాడు. అన్నీ లేత కాయలే. అన్నిటికీ ముక్కుపోట్లే.

"మీ కోళ్ళు ఎంగిలి సేసీసినాయి మేస్టారూ. సగం ఆటికైపోనాది. మిగతా సగం మీరు కూరొండుకోండి" అన్నాడు తాతబాబు.

సుందర్ రాజ్ కూడా నవ్వాడు. తాతబాబు తువ్వాలు భుజాన వేసుకుని, పక్కనే ఉన్న తన పొలం చెక్కవైపు నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. అంతవరకూ ఉన్న నవ్వు ఆ తరవాత నిలవలేదు. ఆయన ఆ కాయల్ని పారేయలేకపోయాడు, వండుకోనూ లేకపోయాడు. రెండు రోజులు అవి పళ్ళెంలోనే ఉండి వడలిపోయాయి. చివరికి గొర్రెలకు వేశాడు.

ఆనందపురం దాటాక, రోడ్డు మీంచి లోపలికి దిగితే కనిపించే ఎర్రమట్టి చెక్క ఆయనది. ఎకరానికి కాస్త తక్కువ. ఊళ్ళో కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాడు. భార్య ఎవాంజలిన్ నర్సుగా చేసింది. సీతమ్మధారలో ఇల్లు అద్దెకిచ్చి, ఈ రాళ్ళనేలలో రెండు గదులు కట్టుకుందామన్నది ఆవిడే. కోళ్ళు పెంచుదామన్నదీ ఆవిడే. గూట్లో పెట్టి బస్తా మేత పోసే పెంపకం కాదు. పాత రిక్షా చక్రాల మీద కోళ్ళగూడు కట్టించింది. దాన్ని వాళ్ళు కోళ్ళబండి అనేవారు. ముందు గొర్రెలు ఒక మడిలో గడ్డి మేస్తాయి. వాటిని పక్క మడికి తోలాక, ఆ వెనకే కోళ్ళబండి ఆ మేసిన మడిలోకి వస్తుంది. కోళ్ళు దిగి, గొర్రెల పెంట చెదరగొట్టి, పురుగులు ఏరుకు తింటాయి. మర్నాడు బండి ఇంకో నాలుగు బారలు ముందుకు. అలా తిరిగి తిరిగి, గరిక కూడా మొలవని చోట ఇప్పుడు చీలమండ దాకా పచ్చిక లేచింది.

ఎవాంజలిన్ పోయి రెండో ఏడు నడుస్తోంది. ఆఖరి రోజుల్లో ఆవిడ గుమ్మంలో కుర్చీ వేసుకుని, దిండుగలీబులు కుట్టుకుంటూ కూర్చునేది. ఒక బూడిదరంగు పెట్ట వచ్చి, కింద పడిన దారపు ముక్కలు ఏరుకుంటూ ఆవిడ కాళ్ళ దగ్గరే తిరిగేది. బైబిల్లో బీదవాళ్ళకు బట్టలు కుట్టిపెట్టిన ఆవిడ పేరు మీద దాన్ని దొర్కా అని పిలిచేది. ఒకనాడు కుట్టు ఆపి, "నేను లేకపోయినా ఇవి ఇలాగే తిరగాలండీ. గూట్లో పెట్టి మూసేయకండి" అంది. ఆవిడ ఆయన్ని అడిగిన చివరి కోరిక అదే. ఉదయం బండి తోసినప్పుడల్లా ఆయనకు ఆ మాట గుర్తొచ్చేది. కోళ్ళు బిలబిలా దిగి, గడ్డిలో మంచు తాగుతుంటే, ఈ రోజుకీ మాట దక్కింది అనుకునేవాడు.

చిక్కంతా జీడిమామిడి చెట్టుతో వచ్చింది. రెండు చెక్కల మధ్య నడుమెత్తు ఇనుపజాలీ ఉంది. సరిహద్దులో ఆయన వైపు ఆ చెట్టు ఉంది. ఆకాశంలో గద్ద నీడ కదిలినా, దారిలో కుక్క మొరిగినా కోళ్ళన్నీ ఒక్కసారి లేచి చెట్టెక్కేవి. అంతవరకూ మంచిదే. దిగేటప్పుడు మాత్రం కొన్ని, జాలీ మీదుగా వంగిన కొమ్మ నుంచి అటు దూకేవి. అటు తాతబాబు వంగమడి. అతను ఆ కాయలు తెల్లవారుజామునే కోసి సీతమ్మధార రైతుబజారుకు తీసుకెళ్తాడు. ముక్కుపోటు తగిలిన కాయ అక్కడ ఎవరూ ముట్టుకోరు.

తాతబాబు కోపంగా ఒక్క మాట అని ఉంటే సుందర్ రాజ్ సర్దుకునేవాడు. ఇద్దరూ కూర్చుని, ఆ కొమ్మ నరుకుదామో, జాలీ ఎత్తు పెంచుదామో మాట్లాడుకునేవారు. కాని తాతబాబు నవ్వాడు. తన బోరు నీళ్ళు ఇటు వదిలే మనిషి, ఎవాంజలిన్ పోయిన రోజున సమాధి తోట దాకా నడిచొచ్చిన మనిషి, అడగలేక నవ్వులాటగా చెప్పాడని సుందర్ రాజ్‌కి తోచింది. ఆ నవ్వే ఆయన్ని పొడిచింది. మళ్ళీ అతని నోట అడిగించకూడదనుకున్నాడు. స్టాఫ్‌రూమ్‌లో కూడా ఆయన అంతే. ఎదుటివాడు ఇబ్బందిపడతాడేమోనని, ముందే తనే కాస్త ఇబ్బందిపడి ఊరుకునేవాడు.

శనివారం సాయంత్రం కోళ్ళు బండెక్కాక, ఎవాంజలిన్ కుట్టుమిషను సొరుగులోంచి కత్తెర తీశాడు. ఒక్కొక్క పెట్టనూ పట్టుకుని, చంకలో ఇముడ్చుకుని, ఒకవైపు రెక్కలో పొడుగు ఈకలు కత్తిరించాడు. నొప్పి ఉండదు, గోళ్ళు తీసినట్టే. ఈకలు రాలే కాలంలో మళ్ళీ కొత్తవి వస్తాయి. అదంతా ఆయనకు తెలుసు. తెలిసిన సంగతులన్నీ ఒకదాని వెనక ఒకటి తనకు తానే చెప్పుకుంటూ పని కానిచ్చాడు. ఆఖర్న దొర్కా చేతికి వచ్చింది. అది ఎప్పటిలా కత్తెర పిడికి చుట్టిన ఎర్రదారాన్ని ముక్కుతో లాగింది. ఆయన చెయ్యి ఆడలేదు. చివర రెండు ఈకలు మాత్రం కత్తిరించి వదిలేశాడు.

ఆదివారాల్లో ఆయన చర్చిలో మొదటి ఆరాధనకు వెళ్ళి, తరవాత సీతమ్మధారలో నాలుగిళ్ళకు గుడ్లు ఇచ్చి వస్తాడు. తిరిగి వచ్చేదాకా కోళ్ళబండి తలుపు తీయడు. ఆ ఆదివారం మాత్రం తీశాడు. ఇక వంగమడిలోకి పోలేవు కదా, పొద్దుటి పచ్చిక వాటికెందుకు దూరం కావాలి అనుకున్నాడు. పెట్టలు దిగి మేతలో పడ్డాయి. అది చూసి మనసు తేలికై, సంచి పట్టుకుని రోడ్డెక్కాడు. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. అదీ దేవుడి దయే అనుకున్నాడు.

ఎండెక్కాక ఆటో దిగి లోపలికి వస్తుంటే, ముందుగా నీలంగా ఏదో కనిపించింది. జాలీ పొడుగునా కర్రలు పాతి, జీడిమామిడి కొమ్మల దాకా పాత నైలాను వల కట్టి ఉంది. చేపల రేవులో పడవలవాళ్ళు పనికిరాదని పారేసే వల. ఇదెప్పుడు వచ్చింది అనుకుంటూ ఇంకో పది అడుగులు వేశాడు. అప్పుడు ఈకలు కనిపించాయి.

గేటు కింద వాననీరు కోసిన సందులోంచి కుక్కలు దూరాయి. అవి తినడానికి వచ్చినవి కావు. పట్టి, విదిలించి, ఇంకోదాని వెంట పడ్డట్టుంది. చెట్టు మొదట్లోనే ఎక్కువ పడి ఉన్నాయి. ఎప్పటిలా చెట్టు దగ్గరికే పరిగెత్తాయి. ఎగరబోయాయి. ఒక రెక్క పట్టి, ఇంకో రెక్క పట్టక, పక్కకి ఒరిగి అక్కడే తిరిగి ఉంటాయి. మొదలు చుట్టూ మట్టి గీరుకుపోయి ఉంది.

కోళ్ళబండి కింద చీకట్లో ఏదో కదిలింది. వంగి చూశాడు. గుప్పెడు పెట్టలు ఒకదానికొకటి కరుచుకుని కూర్చున్నాయి. అన్నీ చిన్నవే. చెయ్యి చాపి ఒక్కొక్కదాన్నీ తడిమాడు. వాటిలో దొర్కా లేదు.

తాతబాబు రైతుబజారు నుంచి అప్పుడే వచ్చాడు. చేతిలో సంచీ దారిలోనే వదిలేసి, గేటు తోసుకుని వచ్చాడు. ఇద్దరూ వెదుకుతూ వంగమడి వైపు నడిచారు. ముందు చూసింది తాతబాబే. వలలో, మనిషి ఎత్తున, బూడిదరంగు ఈకలు చిక్కుకుని ఉన్నాయి. కింద దొర్కా కదలకుండా పడి ఉంది.

అది మాత్రం ఎగరగలిగింది. జాలీ దాటేంత ఎత్తు లేచింది. అటు పడితే వంగమొక్కల్లో దాక్కునేదే. వల అడ్డం వచ్చి, మళ్ళీ కుక్కల ముందే పడింది.

తాతబాబు వల వైపు ఒకసారి చూశాడు. ఆ తరవాత వంగి, చెట్టు కింద పడున్న ఒక పెట్టను తీసి, దాని రెక్క విప్పాడు. కత్తెర గీత తిన్నగా ఉంది.

"కోసీసినారేటి మేస్టారూ" అన్నాడు మెల్లిగా.

"నీ మడిలోకి రాకుండా ఉంటాయని."

"నాను నవ్వులకన్నాను."

"నాకు తెలుసు."

తాతబాబు ఆ పెట్టను కింద పెట్టి, అక్కడే చతికిలబడ్డాడు. జరిగింది చెప్పుకొచ్చాడు. ఎంగిలి వంకాయల సంగతి ఇంట్లో చెబితే, భార్య గౌరీశ్వరి చెడామడా తిట్టిందట. ఆలి పోయి ఒంటిగా ఉన్న మనిషికి ఆ కోళ్ళే లోకం, ఆయన్ని పట్టుకుని ఎగతాళి చేస్తావా అందట. అందుకని బావమరిదిని అడిగి, రేవు నుంచి వల తెప్పించాడు. మేస్టారు ఉన్నప్పుడు కడితే చిన్నబుచ్చుకుంటారని, ఆయన చర్చికి వెళ్ళేదాకా ఆగి, ఆదివారం పొద్దున్నే కట్టేసి, ఆలస్యంగా బజారుకు పోయాడు.

"సెప్పీసి కడితే మీరొద్దనీవోరు. కొమ్మ నరికీద్దారి అనీవోరు" అన్నాడు తాతబాబు. "ఒక్క మాట నాతో అనలేకపోనారా."

సుందర్ రాజ్ ఆ మాటే అతన్ని అడగాలనుకున్నాడు. అడగలేదు. అడిగితే అతనికి ఇంకా బాధ. అలా అనుకుని ఊరుకోబోయి, ఊరుకోవడమే కదా ఇంత చేసింది అనిపించి, దొర్కాను చేతుల్లోకి తీసుకున్నాడు. దాని రెక్క విప్పి, తాను కత్తిరించిన రెండు ఈకలూ చూశాడు. అవి రెండూ ఉంటే వల పైనుంచి వెళ్ళేదా? అది ఎవరు చెప్పగలరు.

జీడిమామిడి నీడ పడేచోట గొయ్యి తవ్వింది తాతబాబే. ఆ సాయంత్రమే వల విప్పేశాడు. ఉండనీయమని సుందర్ రాజ్ అన్నా వినలేదు. కత్తెర మళ్ళీ సొరుగులోకి వెళ్ళింది. దాని పిడికి ఎర్రదారం అలాగే ఉంది.

ఆ తరవాత ఇద్దరి మధ్యా మర్యాద మరీ పెరిగిపోయింది. గౌరీశ్వరి కూరగిన్నె పంపేది. ఆయన గిన్నెలో గుడ్లు పెట్టి తిరిగి పంపేవాడు. తాతబాబు బోరు నీళ్ళు వేళకు వదిలేవాడు. కాని ఎంగిలి చేశాయి, సగం వండుకోండి లాంటి మాట ఒక్కటీ లేదు. అరుగు మీద కూర్చుని వేళాకోళాలాడడం పోయింది. ఉదయం బండి తోసేటప్పుడు చక్రాల కిర్రు తప్ప ఇంకో చప్పుడు ఉండేది కాదు. మిగిలిన గుప్పెడు పెట్టలకి ఆ మడి చాలా పెద్దది. గొర్రెలు మేసి వెళ్ళినచోట పెంట చెదరక, ఉండలు ఉండలుగా అలాగే ఎండిపోయేది. ఎవాంజలిన్‌తో రోజూ మనసులో చెప్పుకునే కబుర్లలో ఆయన ఆ ఆదివారం సంగతి మాత్రం చెప్పలేదు. ఆవిడకు తెలిసే ఉంటుంది.

చలి మొదలయ్యే రోజుల్లో పెట్టలకు పాత ఈకలు రాలాయి. రెక్కల్లో కొత్త ఈకలు ముళ్ళలా లేచి, విచ్చుకున్నాయి. ఆయన వాటిని రోజూ చూస్తున్నాడు, కాని పట్టుకోలేదు.

ఒకరోజు పొద్దున్న, ఆకాశంలో గద్ద తిరిగింది. పెట్టలన్నీ లేచాయి. ఒకటి మిగతావాటిని మించి ఎగిరి, జీడిమామిడి కొమ్మ అందుకుంది. అక్కడ కాసేపు ఊగి, అటు దూకింది. వంగమడిలో మొక్కలు కదిలాయి.

తాతబాబు మడిలోనే, గట్టు మీద ఉన్నాడు. కోడిని చూశాడు. కాయ మీద ముక్కు వేయడమూ చూశాడు. చూడనట్టు అటు తిరిగి కలుపు పీకుతున్నాడు.

సుందర్ రాజ్ జాలీ దగ్గరికి నడిచాడు.

"తాతబాబూ, నా కోడి నీ వంకాయలు తింటోంది."

"పోనీండి మేస్టారూ. ఒక్క కాయే కదా."

"పోనీయకు. కేకలెయ్యి."

తాతబాబు లేచి నిలబడ్డాడు. "ఏటి?"

"నన్ను పేరు పెట్టి తిట్టు. కోడిని తోలు. గౌరీశ్వరికి వినబడేలా కేకలెయ్యి. నువ్వలా కలుపు పీకుతూ ఉంటే నేను చూడలేను."

తాతబాబు ఆయన్ని ఎగాదిగా చూశాడు. చేతిలో కలుపు పారేసి, తువ్వాలుతో ముక్కు తుడుచుకున్నాడు. "హేయ్" అని ఒక అరుపు అరిచాడు. అది సగంలో జీరపోయింది. మళ్ళీ గొంతు సవరించుకుని, "మేస్టారూ, మీ కోళ్ళని కట్టీసుకుంటారా, నన్ను కూరొండుకోమంటారా" అని గట్టిగా అరిచాడు. చేతులు ఊపుతూ మొక్కల మధ్య పరిగెత్తాడు.

పెట్ట కాయ వదిలి, రెండు రెక్కలూ కొట్టుకుంటూ పైకి లేచింది. వల కట్టిన కర్రలు పాతిన గుంటలు ఇంకా పూడలేదు. వాటి మీదుగా, జాలీ మీదుగా వచ్చి కొమ్మ మీద వాలింది. సుందర్ రాజ్ తలెత్తి చూశాడు. దొర్కా ఎప్పుడూ కూర్చునేది ఇంకో కొమ్మ మీద, కాస్త పైన. అది ఖాళీగానే ఉంది.

"రండి, దింపుకోండి మరి" అన్నాడు అటు నుంచి తాతబాబు. ఆయాసపడుతున్నాడు. "ఆ కొమ్మ నరకాలి. నాను కత్తి తెస్తాను."

"తీసుకురా" అన్నాడు సుందర్ రాజ్. చెట్టు కిందికి వెళ్ళి, కోడి కోసం చేతులు చాపాడు.