మనవాళ్ల చేతిలో బంతి ఉన్నప్పుడు

రేడియోలో వస్తున్న గొంతు తన తండ్రిదేనని లైల్ హ్రుష్కా కొంచెం ఆలస్యంగా గుర్తుపట్టాడు. అప్పటికి పచ్చదీపం వెలిగింది, వెనక కార్లు హారన్ మోగిస్తున్నాయి. అతను బండి కదిలించలేదు.

"స్టేడియంలో నూట పద్దెనిమిదో సెక్షన్ ఎమిల్‌ని మాట్లాడుతున్నా. నలభై రెండేళ్లుగా అదే కుర్చీ," అంటోంది ఆ గొంతు. "ఆదివారం నేనూ అరుస్తా."

రేడియో మనిషి మోర్ట్ పడీపడీ నవ్వాడు. నూట పద్దెనిమిదో సెక్షన్ ముసలాయనే అరుస్తానన్నాక ఇంక ఈ ఊళ్లో నోరు మూసుకునేది ఎవరని అడిగాడు. లైల్ అరచేత్తో రేడియో మీద ఒక్కటి చరిచాడు. అది ఆగలేదు. రెండోసారి చరిస్తే ఆగింది.

లైల్ ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఎరీ యాంకర్స్ ఆ ఏడు పదహారు ఆటలాడి పదహారూ ఓడిపోయింది. సెప్టెంబరులో మొదటి ఆట కేవలం గోలుకంబానికి తగిలి పక్కకు పోయిన ఒక్క తన్నుతో ఓడారు. అది దురదృష్టం అనుకున్నారు. అక్టోబరులో యజమాని మనుషులు, బంతి విసిరి ఆట నడిపించే పాత క్వార్టర్‌బ్యాక్‌ను ఇంకో ఊరికి ఇచ్చేశారు, ఆ తరవాతి వారం బంతి బాగా పట్టే ఇద్దరినీ పంపేశారు. ఓడిపొమ్మని ఎవరూ నోటితో అనలేదు. ఎవరినడిగినా భవిష్యత్తు కోసం అన్నారు. ఆ మాట వింటే చాలు లైల్‌కు ఒళ్లు మండేది. నవంబరు ఆఖర్లో థాంక్స్‌గివింగ్ పండగ నాటికి జనం తలలకు కాగితం సంచులు తొడుక్కుని, కళ్ల దగ్గర చిల్లులు పెట్టుకుని స్టేడియానికి రావడం మొదలుపెట్టారు. యాంకర్ అంటే లంగరే కదా, మునగడమే దాని ఉద్యోగం అని మోర్ట్ రోజూ పొద్దున్నే జోకు వేసేవాడు.

అందరికంటే ఎక్కువ ఓడిన జట్టుకే, వచ్చే ఏడు కాలేజీ కుర్రాళ్లలో ఒకణ్ని ముందుగా ఎంచుకునే హక్కు వస్తుంది. ఆ ఏడు అందరి కళ్లూ బెల్లమీ అనే కుర్రాడి మీదున్నాయి. అరవై గజాల దూరం బంతి విసిరి, పరిగెడుతున్నవాడి చేతుల్లో పెడతాడట. ఇంకో జట్టు ఒక్క ఆట మాత్రమే గెలిచి వెనకే కాచుకుని ఉంది. ఆదివారం ఆఖరి ఆట యాంకర్స్ గెలిస్తే బెల్లమీ ఆ జట్టుకు పోతాడు.

అందుకని మోర్ట్ వారమంతా ఊరికి ఒకటే నూరిపోస్తున్నాడు: మనవాళ్ల చేతిలో బంతి ఉన్నప్పుడే అరవండి.

అది ఎరీలో ఎవరూ అనకూడని మాట. లైల్ సెంటర్. వంగి, కాళ్ల మధ్య నుంచి బంతిని వెనక్కి అందించేది అతనే. వెనక నిలబడ్డ క్వార్టర్‌బ్యాక్ "హట్" అని కేక వేస్తే ఆ కేక మీదే బంతి కదలాలి, బంతితో పాటు ముందు వరసంతా కదలాలి. కేక వినబడకపోతే అంతా చెదిరిపోతుంది. అందుకే ఎవరి ఊళ్లో ఆడితే ఆ ఊరి జనం తమవాళ్ల చేతిలో బంతి ఉన్నంతసేపూ గొంతెత్తరు, అవతలివాళ్ల చేతికి వెళ్లగానే స్టేడియం దద్దరిల్లేలా అరుస్తారు.

లైల్‌కు ఇది నేర్పింది ఎమిల్ హ్రుష్కాయే. ఆయన రైలింజన్ల కార్ఖానాలో పనిచేసి రిటైరయ్యాడు. అక్కడ మోతలో మాట వినబడదు కాబట్టి క్రేన్ నడిపేవాడికి అన్నీ చేతుల సైగలే. నెమ్మదిగా దించు అనడానికి రెండు అరచేతులూ కిందికి తిప్పి గాలిని నొక్కాలి. స్టేడియంలో కూడా ఎమిల్ లేచి, వెనక్కి తిరిగి, అదే సైగ చేసేవాడు. "ష్. మనోళ్లు పనిలో ఉన్నారు." ఆరేళ్ల లైల్ పక్కన నిలబడి తనూ చిన్న చేతులతో గాలిని నొక్కేవాడు. చుట్టుపక్కల నాలుగు వరసలు నోరు మూసుకునేవి.

శుక్రవారం సాయంత్రం లైల్ తండ్రి ఇంటికి వెళ్లాడు. ఎమిల్ పొయ్యి మీద పంది ఎముకల పులుసు కలుపుతున్నాడు. రేడియోలో మాట్లాడింది నువ్వేనా అని లైల్ అడిగితే, కాదని ఎందుకంటాను అన్నాడు. కొడుకు ముందు గిన్నె పెట్టాడు. లైల్ చెంచా ముట్టుకోలేదు.

"నాకు డెబ్బై నాలుగేళ్లురా," అన్నాడు ఎమిల్. "నలభై రెండేళ్లలో ఒక్క కప్పు చూడలేదు. ఆ బెల్లమీ వస్తే పోయేలోగా చూస్తానేమో. నువ్వు ఆదివారం గెలిస్తే నాకు ఏమొస్తుంది చెప్పు."

"నాకిదే ఆఖరి ఆట నాన్నా. వచ్చే ఏడు నన్నెవరూ పిలవరు."

"నాకు తెలియదా."

"తెలిసీ అరుస్తానంటున్నావు."

ఎమిల్ పులుసులో ఉప్పు వేశాడు. అంతకుముందే వేశాడు, మళ్లీ వేశాడు.

పదిహేడు ఆడి పదిహేడూ ఓడిన జట్టు అని పుస్తకాల్లో రాస్తారని, ఎప్పుడు ఏ జట్టు ఓడుతున్నా తమ పేర్లు తీసి చదువుతారని, పదమూడేళ్లు వేళ్లు విరగ్గొట్టుకున్నది దాని కోసం కాదని లైల్ చెప్పాడు. ఒక్కటి గెలిస్తే చాలన్నాడు. ఎమిల్ అంతా విని, ఆ ఒక్కటీ సెప్టెంబరులో గెలిచి ఉండాల్సింది అన్నాడు. లైల్ కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. వీధి తలుపు అతని వెనక మూసుకున్న చప్పుడుకు పక్కింటి కుక్క మొరిగింది.

ఆదివారం ఒంటిగంటకు ఆట మొదలైంది. ఊరి పక్క సరస్సు మీంచి మంచు అడ్డంగా కొడుతోంది. యాంకర్స్ చేతికి మొదటిసారి బంతి రాగానే స్టేడియం లేచి నిలబడి అరిచింది. కాగితం సంచుల లోపల నుంచి అరిచారు. పెప్పరోని మాంసం కూరిన రొట్టె ఉండలు నములుతూ అరిచారు. డప్పులు తెచ్చుకున్నవాళ్లు డప్పులు కొట్టారు. పరాయి ఊళ్లో ఎన్నోసార్లు ఇలాంటి మోతలో ఆడాడు లైల్. అక్కడ కోపం రాలేదు. అది వాళ్ల పని. ఇక్కడ మాత్రం ముందు వరుసల్లో తనకు తెలిసిన మొహాలున్నాయి. పళ్ల డాక్టరు ఉన్నాడు. చిన్నప్పుడు చర్చిలో పాటలు నేర్పినామె ఉంది, పాటకు ఎన్నడూ ఎత్తనంత గొంతెత్తి అరుస్తోంది.

కేక వినబడని చోట వాడే పద్ధతికి దిగారు. ముందు వరసలో లైల్ పక్కనే ఆడే గార్డు గేనీ వెనక్కి తిరిగి క్వార్టర్‌బ్యాక్ వైపు చూస్తాడు. అతను కాలు ఎత్తి దించగానే గేనీ లైల్ తొడ మీద తడతాడు. లైల్ మనసులో ఒకటి అని లెక్కపెట్టి బంతి వదులుతాడు. గేనీకి ఇరవై నాలుగేళ్లు, జార్జియా వాడు. పెద్దన్నా, మీ ఊళ్లో అతిథి మర్యాదలు బాగున్నాయి, మా అమ్మను తీసుకురానందుకు సంతోషం అన్నాడు. లైల్ నవ్వలేదు. నీ చెయ్యి నా తొడ మీద పడేదాకా నాకు లోకం లేదు, అది ఒక్కటే గుర్తుపెట్టుకో అన్నాడు.

కోపంతో ఆడాడు లైల్. ఎదురుగా ఉన్న మూడువందల ఇరవై పౌండ్ల మనిషిని ప్రతిసారీ వెనక్కి నెట్టాడు. ఓసారి అతన్ని మంచులో పడేసి పైనే పడుకుంటే ఆ మనిషి, "నీకు నాతో గొడవేంటి బాబూ, అరిచేది మీవాళ్లు కదా," అన్నాడు. లైల్ లేచి అతనికి చెయ్యి అందించాడు.

ఆఖరి నిమిషానికి పదిహేడు పదహారు. ఒక్క పాయింటు వెనక. బంతి యాంకర్స్ చేతిలోనే ఉంది. ఇంకో పది గజాలు ముందుకు పోతే తన్నేవాడికి దూరం అందుతుంది. ఆ తన్ను గోలుకంబాల మధ్య పడితే గెలుపు. కుర్ర క్వార్టర్‌బ్యాక్ ప్రూట్ పెదాలు నీలం రంగుకు తిరిగాయి. అతనేదో చెబుతున్నాడు కానీ చెవిలో నోరుపెట్టి చెప్పినా వినబడడం లేదు. అరుపు అంతలా ఉంది.

లైల్ బంతి దగ్గరికి నడిచాడు, వంగబోయి ఆగాడు. నూట పద్దెనిమిదో సెక్షన్ సరిగ్గా అక్కడే, మైదానానికి ఆనుకుని ఉంది. మూడో వరుసలో ఎమిల్ నిలబడి ఉన్నాడు. తలకు సంచి లేదు. నోరు తెరుచుకుని ఉంది, మెడ నరాలు తేలి ఉన్నాయి. నలభై రెండేళ్లుగా నాలుగు వరసల నోరు మూయించిన మనిషి.

లైల్ నిటారుగా నిలబడ్డాడు. తండ్రి వైపు తిరిగాడు. రెండు అరచేతులూ కిందికి తిప్పి గాలిని నొక్కాడు. ఒకసారి. మళ్లీ ఒకసారి.

ఎమిల్ నోరు మూతపడింది.

తరవాత జరిగింది ఆయన పక్కవాళ్లే చెప్పారు. ముసలాయన వెనక్కి తిరిగి అవే చేతులతో గాలిని నొక్కాడట. వినని ఒకడి తల మీది సంచి పట్టుకుని లాగేశాడట. నాలుగు వరసలు ఆగాయి. ఏమైందో చూద్దామని పక్క సెక్షను ఆగింది, దాన్ని చూసి దాని పక్కది. ఎవరెందుకు ఆగారో ఎవరికీ తెలియదు. గోడ విరిగి పడ్డట్టు ఆ మోత అంతా ఒక్కసారిగా పడిపోయింది. మంచు కురుస్తున్న చప్పుడు కూడా వినబడేలా ఉంది.

లైల్ వంగి బంతి మీద చెయ్యి వేశాడు. గేనీ వెనక్కి తిరిగి ప్రూట్ కాలు కోసం చూస్తున్నాడు. ప్రూట్‌కు నిశ్శబ్దం దొరికేసరికి ప్రాణం లేచివచ్చింది. వరస అంచున నిలబడ్డ తమవాడొకడు తప్పు చోట ఉన్నాడని అప్పుడే కనబడింది. మొహం అటు తిప్పి, ఎడమకు జరగమని వాడి మీద గట్టిగా కేక వేశాడు.

లైల్ చెవిలో పడింది మాట కాదు, కేక. సొంత మైదానం, నిశ్శబ్దం, వెనక నుంచి కేక. పదమూడేళ్లుగా అది వినగానే అతని చేతులు ఏం చేస్తాయో అదే చేశాయి. తొడ మీద తట్టు పడలేదన్న సంగతి బంతి వదిలాక గుర్తొచ్చింది.

ఆ బంతి పక్కకు తిరిగి ఉన్న ప్రూట్ భుజానికి తగిలి మంచులో పడింది. దాని మీద ముగ్గురు పడ్డారు. ముగ్గురూ అవతలివాళ్లే. బంతి వాళ్లదైంది, ఆట అయిపోయింది.

స్టేడియం పండగ చేసుకుంది. బెల్లమీ, బెల్లమీ అని పాటలా అందుకున్నారు. గేనీ లైల్ హెల్మెట్ మీద ఒకసారి చెయ్యి ఆనించి వెళ్లిపోయాడు. తిడితే బాగుండేది.

సొంత ఊళ్లో ఆట ఉన్న ప్రతిసారీ ఎమిల్ కొడుకు బండిలోనే ఇంటికి వెళతాడు. ఆ రోజు కూడా వచ్చి కార్ల మధ్య నిలబడ్డాడు, టోపీ మీద మంచు పేరుకుని ఉంది. కొడుకు చేతిలో ఆట సామాన్ల సంచి అందుకోబోతే లైల్ ఇవ్వలేదు. అటు పోతున్న గుంపులో ఒకడు లైల్‌ను గుర్తుపట్టి, థ్యాంక్స్ అన్నా, ఆఖరుకు పనికొచ్చావు అన్నాడు. లైల్ వాడి మీదికి రెండడుగులు వేశాడు. వాడు కాగితం సంచి తలకు తొడుక్కుని పరిగెత్తాడు.

బండి ఎక్కాక ఎమిల్ చాలాసేపు గ్లవ్స్ సర్దుకున్నాడు.

"చివర్లో నేను నోరు మూసుకున్నా, చూశావా," అన్నాడు. "నేనొక్కణ్నే కాదు. అందరినీ మూయించా."

"చూశా. అందుకే ఓడిపోయాం."

ఎమిల్‌కు అర్థం కాలేదు. లైల్ తాళంచెవి తిప్పాడు, ఇంజన్ మొదటిసారి పట్టుకోలేదు.

"పొద్దుట్నుంచీ పరాయి ఊళ్లో ఆడుతున్నట్టే ఆడా నాన్నా. బాగానే ఆడా. నువ్వు ఆపేసరికి ఇది మనిల్లే అనుకున్నా."

ఎమిల్ కిటికీ వైపు తిరిగాడు. లైల్ రేడియో పెట్టాడు. మోర్ట్ గొంతు బొంగురు పోయి ఉంది, అయినా ఆగడం లేదు. ఊరు గెలిచిందంటున్నాడు. నూట పద్దెనిమిదో సెక్షన్‌కు ప్రత్యేకంగా దండం పెడుతున్నానంటున్నాడు. ఎమిల్ చెయ్యి చాచి దాన్ని ఆపబోయాడు. లైల్ ఆ చేతిని పక్కకు కొట్టాడు.

"ఉండనీ," అన్నాడు. "విను."

స్టేడియం నుంచి ఎమిల్ ఇంటికి మామూలుగా పన్నెండు నిమిషాలు. ఆ రోజు మంచులో ముప్పై నిమిషాలు పట్టింది. దారంతా విన్నారు.