మానవుడి వేషం

పదహారేళ్లుగా ఆ పిల్లల నాటక బృందంలో అతను ఎలుగుబంటి. పేరు పెట్టి పిలిచే ఓపిక ఎవరికీ లేక అందరూ ‘ఎలుగు’ అనే పిలిచేవారు. నడుమ ఒక ఏడాది గాడిదగా, ఒక ఎండాకాలం బాతుగా కూడా చేశాడు. ఏ జంతువైతేనేం, అతని మొహం మాత్రం ప్రేక్షకుల్లో ఒక్కరూ చూసి ఎరగరు.

ఇది అతని మామగారికి బొత్తిగా గిట్టదు. ఆయన రిటైరైన సంస్కృతం మాస్టారు. కూతురూ అల్లుడూ ఉండే రెండు గదుల ఇంట్లోనే ఉంటారు గానీ అల్లుడితో నేరుగా మాట్లాడరు. ఎదురుగా కూర్చున్నా సరే, కబురంతా కూతురి మీదుగానే.

“అమ్మాయ్, మానవజన్మ ఎత్తి, ఆ బొచ్చు తగిలించుకుని గుర్రుమనడం ఏమిటో మీ ఆయన్ని అడుగు.”

ఆ బొచ్చు కుట్టింది ఆ అమ్మాయే. బృందంలో దుస్తుల పని ఆవిడది.

“అడిగాను నాన్నా. గుర్రుమన్నారు,” అనేది సూదిలోకి దారం ఎక్కిస్తూ.

ఇలా రోజులు దొర్లుతుండగా కొత్త నాటకం మొదలైంది. అడవిలో జంతువులన్నీ కోర్టు పెట్టి మనిషిని విచారించే కథ. ఆ మనిషికి పేరు లేదు, కాగితంలో ‘మానవుడు’ అని మాత్రమే ఉంది. డైరెక్టరమ్మ అందరినీ ఒకసారి కలయజూసి, వేలు ఎలుగు వైపు చూపించింది.

“ఇది నువ్వు చెయ్యి. ముసుగుండదు. ఇరవై నిమిషాలు నేరం చేసినవాడిలా కదలకుండా నిలబడాలి. చివర్లో ఒకే ఒక్క మాట. నీ ఎలుగుబంటి తొడుగు నక్కకిచ్చెయ్.”

నక్క అంటే ఎప్పుడూ నక్క వేషం వేసే పొడుగాటి మనిషి. ఎలుగు ఆనందం పట్టలేక ఎగిరి గంతేశాడు, అదీ ఎలుగుబంటిలాగే.

ఇంట్లో ఈ సంగతి చెబితే మామగారు పేపరు కిందికి దించారు. “అమ్మాయ్, మీ ఆయన మొహం కనిపిస్తుందా? అయితే మొదటి ఆటకి వస్తానని చెప్పు.”

పదహారేళ్లలో ఆయన ఆ హాలు గడప తొక్కలేదు! ఎలుగుకి ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు. ఈ ఒక్కసారైనా మామగారిచేత మనిషి అనిపించుకోవాలి, అంతకుమించి అతనికేమీ అక్కర్లేదు.

తీరా రిహార్సల్లో చూస్తే మనిషి కావడమే కష్టంగా ఉంది. ముసుగు కంతల్లోంచి చూసీ చూసీ, పక్కకి చూడాలంటే ఒళ్లంతా తిప్పేవాడు. కూర్చోబోతూ చెయ్యి వెనక్కి పెట్టి, లేని తోకని జాగ్రత్తగా పక్కకి జరిపేవాడు. అది గాడిద నాటి అలవాటు. డైరెక్టరమ్మకి తలప్రాణం తోకకొచ్చింది.

“మనిషిలా నిలబడవయ్యా బాబూ!”

“మనిషిలా అంటే ఎలా మేడమ్?” పాపం, నిజంగానే అడిగాడు.

“రేపటికి తెలుసుకుని రా. లేకపోతే ఈ వేషం కూడా నక్కకే.”

ఇంటికొచ్చి భార్యని మోచేత్తో పొడిచాడు. “మానవుడంటే అర్థమేమిటో మీ నాన్నగారిని అడగవే.”

మామగారి మొహం వెలిగిపోయింది. “మనువు సంతతి మానవులు. ఆ మనువుకి మూలం ‘మన్’ అనే ధాతువు, అంటే ఆలోచించడం. ఆలోచించేవాడే మానవుడు! ఈ ఒక్క ప్రశ్నకే నలభై ఏళ్లు రెండేసి మార్కులు వేశానని చెప్పు.”

మర్నాడు అతను స్టేజి మీద నిలబడి ఆలోచించాడు.

“ఏం, కడుపునొప్పా?” అంది డైరెక్టరమ్మ.

“కాదు మేడమ్, ఆలోచిస్తున్నా.”

“ఏమని?”

“ఏం ఆలోచించాలా అని.”

ఆవిడ పగలబడి నవ్వింది. “అదే! ఆ దిక్కుతోచని మొహమే నాక్కావాలి. అలాగే ఉంచు. కానీ కాలు కదిపావో, వేషం ఊడిందే.”

మొదటి ఆట రోజు హాలు నిండా పిల్లలే. ముందు వరసలో కళ్లజోడు తుడుచుకుంటూ మామగారు. సింహం తీర్పు కుర్చీలో కూర్చుంది. మానవుడు కదలకుండా నిలబడ్డాడు. సాక్ష్యం చెప్పడానికి ఎలుగుబంటి తొడుగులో నక్క బయల్దేరాడు.

ఆ ముసుగులోంచి తన కాలివేళ్లు తప్ప ఏమీ కనపడవు. ఏడడుగులు లెక్కపెట్టి ఆగిపోవాలి. నక్కవి పొడుగు కాళ్లు, పైగా లెక్క మరిచిపోయాడు. ఎనిమిది వేశాడు, తొమ్మిది వేశాడు. ఇంకొక్కటి వేస్తే స్టేజి అంచు దాటి నిలువెత్తు కిందికి!

మానవుడు ఒక్క ఉరుకు ఉరికాడు. ఎలుగుబంటిని నడుం పట్టి వెనక్కి లాగి, చెవిలో “కుడికి రెండడుగులు” అని చెప్పి, వెళ్లి మళ్లీ తన చోట నిలబడ్డాడు.

సింహానికి ముసుగులోంచి ఏమీ కనపడలేదు గనక తన పాఠం తను చదివేసింది. “ఈ మానవుడు దోషి!”

“కాదు!” అని ఒక పిల్ల కుర్చీ ఎక్కి అరిచింది. ఇక హాలంతా గోల. మానవుడు తన ఒకే ఒక్క మాట చెప్పాడు. “నేను చేసిన తప్పేమిటి?”

“ఏమీ లేదు!” అన్నారు రెండొందల మంది పిల్లలు. నాటకం అక్కడితో సరి.

తెర దిగాక డైరెక్టరమ్మ అతన్ని పక్కకి పిలిచింది. “నక్క నడుం కాపాడావు, నీకు వెయ్యి దండాలు. కానీ నా నాటకానికి నేరస్థుడు కావాలి. నిన్ను నేరస్థుడంటే ఇక ఎవరూ ఒప్పుకోరు. నువ్వు మరీ మనిషివైపోయావు. రేపట్నుంచి ఆ వేషం నక్కకి.”

భార్య ఎలుగుబంటి తొడుగు ఒళ్లో వేసుకుని, అతను లాగినప్పుడు విడిపోయిన చంక కుట్టడం మొదలెట్టింది.

రాత్రి భోజనాల దగ్గర మామగారు గొంతు సవరించుకున్నారు. “అమ్మాయ్, ఉరికేముందు మీ ఆయన ఆలోచించాడా?”

“ఆలోచించే టైమెక్కడిదని చెప్పవే,” అన్నాడు అతను విసుగ్గా.

మామగారు కళ్లజోడు తీసి గోడకేసి చూశారు. “నలభై ఏళ్లు,” అన్నారు ఎవరితోనో. “రెండేసి మార్కులు.”

మర్నాడు ఎలుగు మళ్లీ బొచ్చులో దూరాడు. ఏడడుగులు లెక్కపెట్టి ఆగాడు. ఏమీ కనపడదు గానీ వినపడుతుంది కదా! ముందు వరసలోంచి క్లాసు చివరి బెంచీకి చేరే గొంతొకటి పక్కవాళ్లకి చెబుతోంది. “మానవుడని అక్కడ నిలబెట్టారే, అది వేషమండీ. మనిషి ఈ ఎలుగుబంటి లోపలున్నాడు. మా అల్లుడు.”

“సాక్షీ, చెప్పు!” అంది సింహం. రెండోసారీ అంది. ఎలుగుబంటి గుర్రుమనడం మరిచిపోయి, ఆ గొంతు వైపు ఒళ్లంతా తిప్పింది.