అమ్మోరి మెడలో మోకు

నేను ఒక గుంజను. పశువుల్ని కట్టేసే గుంజను కాదు లెండి, ఓడల్ని కట్టేసేదాన్ని. రేవులో నన్ను బొల్లార్డు అంటారు. ఫౌండ్రీలో కరిగి, అచ్చులో గడ్డకట్టి, లారీ ఎక్కి వచ్చాను. తీరా దిగి చూస్తే నన్ను పాతాల్సిన చోట సముద్రముంది! గొట్టాలతో ఇసుక చిమ్మి, బండరాళ్లు పోసి, మనుషులు ఆ సముద్రాన్నే వెనక్కి నెట్టారు. పొరుగువాడి పొలంగట్టు జరిపితే తలలు పగులుతాయి. సముద్రుడి గట్టు జరిపినవాళ్లకు మాత్రం శాలువాలు కప్పారు.

మొదటి ఓడ వచ్చే రోజు రానే వచ్చింది. నాకు తాడు తగిలించే ముఠాకు పెద్ద ఎల్లాజీ. చేపలవేట మానేసి కొత్తగా కొలువులో చేరాడు. ఈ ఓడను సవ్యంగా కడితేనే ఉద్యోగం ఖాయమని ఆఫీసరు హరనాథ్ ముందే చెప్పేశాడు. కొత్త పడవకు పసుపు రాయనిదే నీళ్లలో దింపని కులం వాళ్లది. ఎల్లాజీ తల్లి పైడమ్మ పొద్దున్నే వచ్చి నాకు ఒళ్లంతా పసుపు పూసింది, బొట్లు పెట్టింది, ఎర్రంచు చీర చుట్టింది. ముఠా అంతా సాగిలపడి దండం పెట్టింది. అబ్బో, నా వైభోగం ఏమని చెప్పను!

ఓడ దగ్గరకొచ్చింది. పైనుంచి లావుపాటి మోకు అందించారు. చేసిన పొరపాటు అప్పుడు తెలిసొచ్చింది. మోకు పట్టుకుని ముఠా అంతా నా ముందు బిక్కమొహాలు వేసుకుని నిలబడింది.

"వెయ్యరేం?" అన్నాడు హరనాథ్.

"అమ్మోరి మెడకి తాడెలగేత్తాం బాబూ?" అన్నాడు ఎల్లాజీ.

"నీ ఉద్యోగం పోతుందయ్యా."

"పోతాది బాబూ. నాను మట్టుకు ఎయ్యనేను."

ఓడ మెల్లగా పక్కకు జరుగుతోంది. దేవత కావడంలో ఇంత చిక్కుందని నాకేం తెలుసు? నోరుంటే "నేను ఉత్త ఇనుమునురా నాయనా" అని మొత్తుకునేదాన్ని.

చూడవచ్చిన జనాన్ని తోసుకుని పైడమ్మ ముందుకొచ్చింది. కొడుకును పలకరించలేదు, నాతోనే మాట్లాడింది.

"ఇక్కడ నీళ్లున్నప్పుడు ఈ సోటే ఈడి అయ్య పడవ మునిగిపోనాది. ఆ పొద్దు నువ్వు అట్టుకోనేదు. ఇయాలైనా అట్టుకోయే తల్లీ."

కొడుకు చేతిలోని మోకుకు తన చెయ్యీ కలిపి నా మెడలో వేసింది. ఓడ బరువంతా ఒక్కసారిగా నా మీద పడింది. చీర పర్రున చిరిగింది. ఎల్లాజీ కొలువు నిలిచింది.

నేను అమ్మోరిని కాను. ఆ పడవ మునిగిననాటికి నేను పుట్టనే లేదు. అయినా ఆ నింద నాదే అనుకుని గట్టిగా పట్టుకున్నాను.