అరిగిన వేళ్ళ జాబితా

"ఇంకోసారి పెట్టండి," అంది పింఛను ఆఫీసు కిటికీ అవతలి అమ్మాయి.

పెట్టాడు. ఎర్ర దీపం వెలిగింది. వేలు చొక్కాకు తుడుచుకుని మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ఎర్రదే. పది వేళ్ళూ వరసగా అయిపోయాయి. వెనక వరసలో ఎవరో విసుక్కున్నారు.

"ముద్రలు కలవట్లేదండీ. మీరు బతికున్నట్టు సిస్టమ్ ఒప్పుకోవట్లేదు."

"మరి నీతో మాట్లాడేదెవరు?"

"నేనొప్పుకుంటే చాలదు కదండీ," అంది ఆ అమ్మాయి తల వంచుకుని.

ఆయన్ని అందరూ మేస్త్రి అంటారు. పెద్దాసుపత్రి లాండ్రీలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేశాడు. నెత్తురు అంటిన దుప్పట్లూ, ఆపరేషను గదిలోంచి వచ్చిన గుడ్డలూ బ్లీచింగు నీళ్ళలో నానబెట్టి, సోడా వేసి ఉడకబెట్టి తెల్లగా తీయడం ఆయన పని. చేతులకు తొడుగులు కావాలని ఏటా కాగితం పైకి పోయేది. తొడుగులు మాత్రం ఒక్క ఏడూ కిందికి రాలేదు. అలా ఉతికి ఉతికి ఆ వేళ్ళ మీది గీతలు పోయాయి. నున్నగా, గాజుగోళీల్లా ఉంటాయి.

నిరుటిదాకా గుమాస్తా మనిషిని చూసి సంతకం పెట్టించుకునేవాడు. ఈ ఏడు కొత్త రూలు వచ్చింది. మిషను ఒప్పుకుంటేనే మనిషి బతికున్నట్టు. అయిదు నెలలుగా పింఛను లేదు. అదొక్కటే ఆయననూ భార్యనూ ఎవరి ముందూ చెయ్యి చాచకుండా నిలబెట్టిన ఆధారం.

కోడలు కుట్టుపని వీడియోలు తీసి ఫోనులో పెడుతుంటుంది. చూసేవాళ్ళు బాగానే ఉన్నారు. ఇంటికొచ్చి మూలన కూర్చున్న మామగారిని చూసి ఆమెకు కడుపు మండింది. ఆయనకు చెప్పకుండానే నాలుగు ముక్కలు తీసి, వెనకాల ఏడుపు సంగీతం అతికించి, 'ఈ తాతకు దిక్కెవరు?' అని రాసి వదిలింది.

రెండు రోజుల్లో ఊరంతా చూసింది. మూడో రోజు ముక్కూ మొహం తెలియని ఒకాయన తలుపు తట్టి, సరుకుల సంచి గుమ్మంలో పెట్టి, మేస్త్రి చేతులు పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

మేస్త్రికి అరికాలి మంట నెత్తికెక్కింది. సంచి ఆయన చేతికే తిరిగిచ్చి మర్యాదగా పంపించి, తలుపు వేసి కోడలి వైపు తిరిగాడు.

"తీసెయ్."

"మామయ్యా, లక్షమంది చూశారు..."

"నేను అడుక్కుంటుంటే చూశారు. నాకు రావలసింది నేనడిగాను. జాలెవడడిగాడు?"

"మరి మీరే నోరు విప్పి చెప్పొచ్చుగా! ఇంట్లో ఉప్పు కావాలన్నా వేలితో చూపిస్తారు."

"ఆ వేలు కూడా ఇప్పుడు చెల్లట్లేదులేవే," అంది అత్తగారు వంటింట్లోంచి. కోడలు నవ్వాపుకోలేకపోయింది. మేస్త్రి నవ్వలేదు.

ఆ సాయంత్రం ఆయనే బల్ల మీద ఒక దుప్పటి పరిచాడు. "తియ్యి. పాట పెట్టావంటే ఊరుకోను," అన్నాడు. మాటా పలుకూ లేకుండా ఆసుపత్రి పద్ధతిలో దుప్పటి మడతపెట్టాడు. అంచుకు అంచు, మూలకు మూల. తర్వాత బొటనవేలు సిరాలో ముంచి తెల్లకాగితం మీద అద్దాడు. గీత లేదు. నల్లటి మచ్చ. ఆ కాగితం ఫోను ముందు పట్టుకుని అన్నాడు: "ఇది మీ పనిలోనే అరిగింది."

అంతే. అర నిమిషం కూడా లేదు. కోడలు పాతది తీసేసి, దీన్ని పాట లేకుండా అలాగే వదిలింది.

దాని వెనకే అలాంటి వీడియోలే ఒకటొకటిగా రాసాగాయి. హాస్టలు వంటశాలలో గిన్నెలు తోమినావిడ ఖాళీ గిన్నె తోమి, వేలు అద్ది, అదే మాట అంది. రోడ్లకు తారు పోసినాయన, బడి గోడలకు సున్నం వేసినాయన, నీళ్ళ పైపుల ఫిట్టరు... అందరివీ నల్లమచ్చలే. అందరిదీ ఒకటే మాట. కోడలు ఎవరు, ఏ పని, ఎన్నేళ్ళు, పింఛను ఎన్ని నెలలుగా ఆగింది అని రాస్తూ పోయింది. నలభైమూడు మంది తేలారు. మామగారు చదువుకునేలా పెద్దపెద్ద అక్షరాలతో రాసిచ్చింది. మూడో తరగతితో ఆగిన చదువు ఆయనది.

పదో రోజున ఆఫీసు నుంచే పిలుపు వచ్చింది. పెద్దసారు కుర్చీ వేయించాడు. టీ తెప్పించాడు.

"మీ కేసు స్పెషల్‌గా తీసుకున్నామండీ. ఇదిగో ఆర్డరు, నా సంతకమే తరువాయి. మా పేజీలో ఇప్పుడే లైవ్ పెడుతున్నాం. సమస్య తీరింది, ధన్యవాదాలు అనండి, చాలు. మీరెలాగూ ఎక్కువ మాట్లాడరట కదా!"

మేస్త్రి జేబులోంచి జాబితా తీశాడు. "వీళ్ళ సంగతి?"

"అవన్నీ తర్వాత చూద్దాం. రూలు నా చేతిలో లేదు."

"నాదెలా చేతిలోకొచ్చింది?"

ఇంతలో ఫోను పట్టుకున్న కిటికీ అమ్మాయి, "సార్, లైవ్ మొదలైంది," అంది. సారు మొహానికి నవ్వు తగిలించుకున్నాడు.

మేస్త్రి కాగితం కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు.

"హా...స్టలు వంట...శాలలో గిన్నెలు తో...మినావిడ. ఇరవై తొమ్మిదేళ్ళు. ఏడు నెలలుగా లేదు."

సారు నవ్వు అలాగే ఉంది.

"తా...రు పోసినాయన. ముప్ఫై ఒకటి. నాలుగు నెలలు."

"బాగుందండీ, ధన్యవాదాలు చెప్పేస్తే..."

"సు...న్నం వేసినాయన."

అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదువుతున్నాడు. ఒకచోట వరస తప్పి, వేలితో వెతుక్కుని, మళ్ళీ అక్కడినుంచే మొదలుపెట్టాడు. సారు పళ్ళ మధ్యనుంచి "ఆపెయ్" అన్నాడు.

"ఆరువేల మంది చూస్తున్నారు సార్," అంది ఆ అమ్మాయి. చెయ్యి మాత్రం కదపలేదు. "ఇప్పుడాపితే మనమే ఆపామంటారు."

సారు ఫోను అందుకోబోయాడు.

"ఇంకా పందొమ్మిది మంది ఉన్నారు," అన్నాడు మేస్త్రి, తల ఎత్తకుండా. "కూర్చోండి."

సారు కూర్చున్నాడు.

నలభైమూడూ అయ్యాక మేస్త్రి కాగితం మడిచి బల్ల మీద సారు ముందు పెట్టాడు. లైవ్ ఆగగానే సారు మొహం మాడిపోయింది. సంతకం లేని ఆర్డరును సొరుగులోకి తోసి ధన్‌మని మూశాడు.

"మీకు మేలు చేద్దామని పిలిస్తే ఇదా మర్యాద?"

"మేలు నేనడగలేదు. ముప్ఫై నాలుగేళ్ళు మీ దుప్పట్లు ఉతికాను. మీలో ఎవరైనా ఒకసారి నా చేతులు చూసి ఉంటే, ఈ మిషను కొనేవాళ్ళు కాదు."

అంత పొడుగు మాట ఆయన నోట అంతకు ముందెవరూ వినలేదు.

వీధి చివరే కోడలు ఎదురొచ్చింది. ఫోనులో అంతా చూసింది, కళ్ళు వాచి ఉన్నాయి.

"మీ కాగితం మామయ్యా?"

"సొరుగులో ఉంది."

"సంతకం?"

"పెట్టలేదు."

"అయ్యో! ఇప్పుడెలా? అత్తయ్యకేం చెప్తారు?"

"రేపు పొద్దున్నే అన్నం కట్టమని చెప్తాను. కాస్త ఎక్కువే." మేస్త్రి నడక ఆపలేదు. "నువ్వు వాళ్ళందరికీ కబురు పెట్టు. పది గంటలకు కిటికీ తెరుస్తారు."

"అందరికీనా?"

"అందరికీ. సొరుగు ఒకటే ఉంది. మేం నలభైనాలుగు మందిమి."