వెంకాయమ్మ మిరప నారు

కింది ఆకు ఒకటి పండుబారితే ప్రసూన పెద్దగా పట్టించుకోలేదు. మర్నాటికి దాని ఎదుటి ఆకు, ఆ తర్వాత పక్క డబ్బాలోని మొక్క, ఇలా కిటికీ గట్టు మీద ఆ చివర నుంచి ఈ చివరికి పసుపు పాకుతూ వచ్చేసరికి ఆమెకు అన్నం సయించడం మానేసింది.

అవి మిరప మొక్కలు. తెనాలిలో, మేడ మీది అద్దె వాటాలో, ముందు గది కిటికీ గట్టు మీద పెరుగు డబ్బాలు వరసగా పెట్టి వాటిలో నారు పోసింది. డాబా మీద పెడదామంటే కోతులు బతకనివ్వవు. మెట్ల దగ్గర పెడదామంటే శ్రావణమాసపు ముసురు. లేత నారు వానదెబ్బకు పడిపోతుందని కాస్త ఎదిగేదాకా ఇంట్లోనే ఉంచింది.

విత్తనం వాళ్ళమ్మ వెంకాయమ్మది. రేపల్లెలో ఇంటి వెనక, బావి పక్కన, ఆవిడ ఏటేటా కాయించుకున్న పొట్టి మిరప అది. బజారులో దొరికే రకం కాదు. ఆ కాయల్ని ఉప్పేసిన మజ్జిగలో ఊరబెట్టి ఎండబెడితే, పెరుగన్నంలోకి ఒక్క కాయ చాలు, ఇంకో కూర అక్కర్లేదు. ఆవిడ జబ్బుపడి తెనాలి కూతురింటికి వచ్చాక ప్రసూన అన్న గిరిబాబు ఆ పెరడంతా గచ్చు చేయించాడు. బండి నిలుపుకోవడానికి చోటు కావాలన్నాడు. అతన్ని అనడానికీ లేదు. నీళ్ళు పోసేవాళ్ళు లేక మొక్కలు అప్పటికే ఎండిపోయాయి.

వేసవిలో వెంకాయమ్మ పోయింది. పెద్దకర్మకు రేపల్లె వెళ్ళినప్పుడు వంటింటి అటక మీద, గుడ్డలో మూటకట్టిన ఎండు పండుమిరపకాయలు నాలుగు కనబడ్డాయి. ప్రసూన వాటిని కొంగున ముడేసుకుంది. ప్రహరీ వారన గచ్చు పడని చోట సంచెడు మట్టి తవ్వుకుని మరీ తెచ్చుకుంది. తెచ్చి, ఉన్న గింజలన్నీ ఒకేసారి నాటేసింది. కొన్ని దాచిపెట్టుకోవాలన్న ఆలోచనే రాలేదు. ఎన్ని మొలిస్తే అంత అమ్మ ఉన్నట్టు, అదీ ఆమె ఆత్రం. మొలిచినవాటిలో ఇప్పుడు నిలబడ్డవి నాలుగు. ఈ నాలుగూ పోతే ఆ మిరప ఇక భూమ్మీద ఎక్కడా లేదు.

నీళ్ళెక్కువయ్యాయేమోనని ముందు అనుకుంది. డబ్బాలకు అడుగున మేకు కాల్చి చిల్లులు పెట్టిందే, అయినా రెండు రోజులు నీళ్ళు ఆపింది. పసుపు ఆగలేదు. ఎండ చాలదేమోనని పొద్దున తూర్పు గుమ్మం దగ్గరకు, సాయంత్రం మళ్ళీ కిటికీలోకి మోసింది. ఫోనులో వీడియోలు చూస్తే ఒకాయన ఆకలన్నాడు, ఒకావిడ పురుగంది, ఇంకొకాయన రెండూ కాదు ఇనుము తక్కువన్నాడు. ఎరువుల కొట్టుకు వెళ్ళి అడిగితే, కొట్టతను మొక్క పేరయినా పూర్తిగా వినకుండా చిటికెడు యూరియా కలిపి పోయమన్నాడు. పోసింది. ఆకుల అంచులు మాడాయి.

కింద వాటాలో ఉండే ఇంటావిడ బసవమ్మ మెట్లెక్కి వచ్చి, నడుం మీద చేతులేసుకుని డబ్బాల వంక చూసింది.

"నారు పోసేటప్పుడు ఏడిచావటే?"

ప్రసూన మాడిన ఆకొకటి గిల్లి పడేసింది.

"ఏడిచే ఉంటావులే. ఏడుస్తా పోసిన నారు ఎట్టా ఎదుగుద్దే పిచ్చిమొహమా. బజారుకెళ్ళి మంచి నారు కట్ట తెచ్చుకో. మిరపకాయే కదా, బంగారమా?"

ఆవిడ మంచిదే. వెంకాయమ్మ మంచాన పడ్డ రోజుల్లో జావ కాచి పైకి పంపింది. కానీ ఆ మాట మాత్రం ప్రసూన గుండెల్లో ముల్లులా ఉండిపోయింది. నారు పోసేటప్పుడు నిజంగానే ఏడిచింది మరి.

ఏడుపంతా ఒక్క ఉప్పురవ్వ గురించే. వెంకాయమ్మకు మూత్రపిండాలు పాడై ఒళ్ళంతా నీరొచ్చింది. ఉప్పు ముట్టుకోకూడదన్నాడు డాక్టరు. ప్రసూన ఇంటర్ మధ్యలో ఆగిపోయిన మనిషి. డాక్టరు మాటంటే ఆమెకు బడిలో మేష్టారి మాటకంటే ఎక్కువ. కూరలో మానేసింది, చారులో మానేసింది, మజ్జిగలో మానేసింది. మందుల గ్లాసూ మజ్జిగ గ్లాసూ ఆవిడకు ఒకటే అయిపోయాయి. ఆఖరు రోజు పొద్దున వెంకాయమ్మ గ్లాసు పెదాల దాకా తెచ్చుకుని ఆగిపోయింది.

"చప్పగా ఎట్టా తాగనే. ఒక్క రవ్వ వెయ్యవే తల్లీ, నీకు పుణ్యం ఉంటది."

"వద్దమ్మా. డాక్టరు గారు వద్దన్నారుగా" అంది ప్రసూన.

ఆవిడ గ్లాసు పక్కన పెట్టి గోడవైపు తిరిగింది. మధ్యాహ్నానికి లేదు.

ఆ రవ్వ ఉప్పు వేస్తే ఏమయ్యేదో, వెయ్యకపోతే ఏం ఒరిగిందో చెప్పేవాళ్ళు లేరు. అప్పటినుంచి ఆ ఇంట్లో ఎవరి మజ్జిగలోనూ ఉప్పు పడలేదు. భర్త మోహనకృష్ణ రెండుసార్లు అడిగి చూసి, ఆమె మొహం చూసి ఊరుకున్నాడు. బడి నుంచి వచ్చి అయిదేళ్ళ శ్రావ్య తాగే గ్లాసుడు కూడా చప్పనిదే.

ఆ పిల్ల సంగతి ఇంకో బెంగ. అమ్మమ్మ పక్కలో పడుకుని పెరిగిన పిల్ల. అమ్మమ్మ ఎప్పుడొస్తుందని రోజూ అడిగేది. పెద్దకర్మ నాడు విస్తట్లో వెంకాయమ్మకు ఇష్టమైనవన్నీ పెడుతున్నారు. ఊరమిరపకాయ పెట్టారు, గ్లాసుతో మజ్జిగ పెట్టారు. అందులో గిరిబాబు భార్య ఉప్పు వేస్తుంటే, ఇప్పుడు అమ్మమ్మ ఉప్పు తాగొచ్చా అని ఈ పిల్ల అందరి ముందూ అడిగింది. ఎవరో ముసలావిడ, ఇక ఎంతయినా తాగొచ్చు నాయనా, ఇప్పుడేం జబ్బు అంది. తెనాలి వచ్చాక కూడా పిల్ల అడగడం మానలేదు. ఏం చెప్పాలో తోచక, మొలకలు పైకొచ్చిన రోజున ప్రసూన దాన్ని కిటికీ దగ్గరకు ఎత్తుకుని చూపించింది. ఇదుగో మీ అమ్మమ్మ, మళ్ళీ వస్తోంది చూడు అంది. శ్రావ్య ఆ తర్వాత అడగలేదు. ప్రసూనకు అదొక్కటే కాస్త ఊరట.

ఇక ఉండబట్టలేక ఒకనాడు పిల్లను బడిలో దింపి, అందరికంటే నీరసంగా ఉన్న మొక్కను డబ్బాతో సహా కూరల సంచిలో పెట్టుకుని బాపట్ల రైలెక్కింది. మోహనకృష్ణ బాబాయి కూతురు సాయి ప్రియ అక్కడ వ్యవసాయ కాలేజీలో చదువుతోంది. రైల్లో ఒళ్ళో డబ్బా పెట్టుకుని రెండు చేతులూ అడ్డం పెట్టుకున్న మనిషిని చూసి, పక్కావిడ పసిబిడ్డేమోననుకుని జరిగి చోటిచ్చింది. మిరప మొక్క అని తెలిసి మొహం అటు తిప్పుకుంది.

కాలేజీ గేటు దగ్గర ప్రసూన ఆగిపోయింది. సాయి ప్రియే ఎదురొచ్చి చేతిలో సంచి అందుకుంది. చెట్టు నీడన గట్టు మీద డబ్బా పెట్టి, యూరియా పోసిన సంగతితో సహా ప్రసూన చెప్పిందంతా విని, ఒక్కొక్క ఆకునూ తిరగేసి చూసింది. మొట్టమొదటి జంట ఆకులు పండి రాలడం మామూలేనంది. పై ఆకులు మాత్రం అలా కాకూడదు. వెనకవైపు పురుగు లేదు. మొక్కను మట్టితో సహా బయటికి తీసి వేళ్ళు చూపించింది. చివర్లు కాస్త గోధుమరంగు తిరిగాయి గానీ కుళ్ళలేదు, అంటే నీళ్ళెక్కువై కాదు. ఒట్టి ఆకలైతే ఆకంతా సమంగా పాలిపోతుంది, అంచు ఇలా మాడదు. ఇవన్నీ ఆ పిల్ల తనకు తాను చెప్పుకుంటున్నట్టు చెబుతూ, చివరికి మట్టి పైపొరను గోటితో గీకింది. తెల్లగా పొలుసులా లేచింది.

"ఇదేంటి వదినా?"

"పెరుగు డబ్బాలు కదమ్మా. ఆ పెరుగేమో అనుకున్నా. పుల్లటి వాసన కూడా అదేననుకున్నా."

సాయి ప్రియ లోపలికి వెళ్ళి ఒక గాజు గ్లాసు, పెన్నులాంటి చిన్న మీటరు తెచ్చింది. కాస్త మట్టి నీళ్ళలో కలిపి మీటరు ముంచింది. అంకె చూసి కనుబొమలు ఎత్తింది.

"ఉప్పు. బాగా ఉప్పుంది వదినా. యూరియా ఒక్కసారి పోసినంత మాత్రాన ఇంత రాదు. మట్టి ఎక్కడిది?"

రేపల్లెదని చెప్పింది ప్రసూన. ఆ వైపు రొయ్యల చెరువులు వచ్చాక బావుల్లో నీళ్ళు ఉప్పబడ్డాయని వింటూనే ఉంది. అమ్మ మట్టే అమ్మ మొక్కలకు విషమయిందా అనుకుంది. ఆ మట్టిని తనే కదా మోసుకొచ్చింది.

సాయి ప్రియ మాత్రం అక్కడితో వదల్లేదు. డబ్బా అడుగు మట్టి విడిగా తీసి మళ్ళీ చూసింది. అక్కడ అంకె చాలా తక్కువ.

"మట్టిది కాదు. మట్టిదైతే అడుగున కూడా ఇట్టాగే ఉండాలి. ఇది పైనుంచి పడింది, ఒక్కసారి కాదు, రోజూ పడుతోంది. ఇంట్లో ఎవరన్నా ఏమన్నా పోస్తున్నారేమో చూసుకో."

విరుగుడు కూడా చెప్పింది. మంచినీళ్ళు ధారగా పోస్తూ అడుగు చిల్లుల్లోంచి కారిపోనివ్వాలి, మళ్ళీ పోయాలి, ఉప్పంతా కడుక్కుపోయేదాకా. మధ్యలో కొత్త చిగురు పుట్టే మొవ్వు పచ్చగా ఉన్న మొక్కలు బతకచ్చు. మొవ్వు నల్లబడితే ఆశ వదులుకోవడమే. ఈ డబ్బాలోని మొక్క మొవ్వు నల్లబడింది. ఆ మాట సాయి ప్రియ పైకి అనలేదు. మట్టిని జాగ్రత్తగా డబ్బాలోకి సర్ది ఇచ్చింది.

తిరుగు రైల్లో ప్రసూనకు బసవమ్మ మీద అనుమానం కలిగింది. దిష్టి తీస్తానని ఉప్పు చల్లుతోందా? ఆ పాపపు ఆలోచనతోనే ఇల్లు చేరింది. బడి వదిలాక శ్రావ్యను బసవమ్మే తీసుకొచ్చి తన దగ్గర కూర్చోబెట్టుకుంది. ప్రసూన పిల్లను పైకి తీసుకెళ్ళి మజ్జిగ గ్లాసు చేతికిచ్చి, పంపు నీళ్ళొచ్చే వేళయిందని బిందె తీసుకుని కిందికి దిగింది. ఆ పూట పంపు రాలేదు. ఖాళీ బిందెతో వెంటనే వెనక్కి వచ్చేసింది.

శ్రావ్య కిటికీ దగ్గర పీట వేసుకుని నిలబడి ఉంది. చేతిలో సగం తాగిన మజ్జిగ గ్లాసు. అది వెంకాయమ్మ గ్లాసు. పక్కన వంటింట్లోంచి తెచ్చిన ఉప్పు డబ్బా. పిల్ల మూడు వేళ్ళతో ఉప్పు తీసి గ్లాసులో వేసింది, వేలితో తిప్పింది, తల కాస్త పక్కకు వంచి ఒక్కో మొక్క మొదట్లో కొంచెం కొంచెంగా పోసింది. మంచాన ఉన్న మనిషికి పట్టినంత మెల్లిగా పోసింది.

ప్రసూన బిందె కింద పెట్టింది. ఆ చప్పుడుకు పిల్ల తిరిగి చూసింది. భయపడలేదు.

"అమ్మమ్మకి" అంది.

ప్రసూన పిల్ల చేతిలోని గ్లాసు వంక చూసింది.

"అమ్మమ్మ అడిగిందిగా. నువ్వు వెయ్యలేదుగా. ఇప్పుడు తాగొచ్చంట."

కొట్టలేదు, తిట్టలేదు. పీట పక్కన గచ్చు మీద చతికిలబడి పిల్ల రెండు పాదాలూ పట్టుకుంది. ఆ గదిలో ఆ పొద్దున పిల్ల కూడా ఉందన్న సంగతి ఆమెకు ఇన్నాళ్ళూ గుర్తే లేదు. మంచం కోడు పక్కన బొమ్మతో ఆడుకుంటూ ఉంది. అంతా చూసింది. ఎవరికీ చెప్పకుండా, అమ్మను ఒక్క మాట అనకుండా, అమ్మ చెయ్యని పని తను చేస్తోంది.

చాలాసేపటికి లేచింది. నాలుగు డబ్బాలూ వంటింటి గట్టు దగ్గరకు తెచ్చి, చెంబుతో మంచినీళ్ళు ధారగా పోయసాగింది. అడుగు చిల్లుల్లోంచి తెల్లటి నీళ్ళు కారాయి. మళ్ళీ పోసింది. శ్రావ్య గడప మీద నిలబడి చూస్తోంది.

"మళ్ళీ చప్పగానా?" అంది.

ప్రసూన చెయ్యి ఆగిపోయింది. అదే చెయ్యి. వద్దన్నదీ ఇదే, ఇప్పుడు కడిగేస్తున్నదీ ఇదే. చెంబు పక్కన పెట్టి పారిపోవాలనిపించింది. కానీ కడక్కపోతే మిగిలిన మూడూ ఉండవు. అప్పుడు కూడా ఇలాగే అనుకుంది, ఉప్పు వెయ్యకపోతేనే అమ్మ ఉంటుందని. పళ్ళ బిగువున మూడు డబ్బాలూ కడిగింది. తేటగా కారేదాకా కడిగింది. వాటి మొవ్వులు చిన్నగా, లేత పచ్చగా, ఇంకా ఉన్నాయి. బతుకుతాయో లేదో ఆ పచ్చదనాన్ని చూసి చెప్పలేం.

బాపట్ల వెళ్ళొచ్చిన, మొవ్వు నల్లబడ్డ నాలుగోదాన్ని సగంలో ఆపేసి విడిగా తీసింది. దాన్ని ముందు గదిలోకి తెచ్చి, వెంకాయమ్మ మంచం ఉండే చోట, గోడ వారన పెట్టింది. గ్లాసు కడిగి పెరుగు చిలికి పల్చగా మజ్జిగ చేసింది. ఉప్పు డబ్బా మూత తీసింది. ఒక రవ్వ వేసింది. ఇంకో రవ్వ వేసింది. ఈ వేళ్ళు ఆ పని మర్చిపోయి ఎన్ని నెలలయిందో.

"ఆ మూడూ పసిపిల్లలమ్మా, వాటికి నీళ్ళే పొయ్యాలి" అంది శ్రావ్యతో. "ఇది అమ్మమ్మ. దీనికి నువ్వు పొయ్యి."

శ్రావ్య గ్లాసు అందుకుని రెండు చేతులతో వంచింది. పసుపు పచ్చని ఆకులు మజ్జిగ చుక్కలు పడి కదిలాయి. అడుగున కాస్త మిగిల్చి పిల్ల గ్లాసు అమ్మ నోటికి పెట్టింది.

"సరిపోయిందా?"

ప్రసూన తాగింది. గోడవైపు చూస్తూ, సరిపోయింది అంది.