పెళ్లికొడుకు కళ్లద్దాలు

ఆదిలాబాద్‌లోని తన బట్టల దుకాణంలో అమీర్‌ని కళ్లద్దాలు లేకుండా చూసినవాళ్లు లేరు. అవి తీస్తే ఎదురుగా ఉన్నది గిరాకీయో గోడో తేల్చుకోలేడు. ఒక సంబంధం వాళ్లు "సోడాబుడ్డి అల్లుడు మాకొద్దు" అని పోయినప్పటినుంచి తల్లి సుల్తాన్ బీకి ఆ అద్దాలంటే ఒళ్లు మంట. కొడుకు నెమ్మది, చదువు, ఏ దురలవాటూ లేకపోవడం ఆ మహాతల్లికి గుర్తు రాలేదు. సుల్తానాబాద్ అమ్మాయి ఇఖ్రాతో సంబంధం ఖాయం కాగానే వాడికి కాంటాక్ట్ లెన్సులు కొనిపించింది.

"పెండ్లయి, పిల్ల మనింట్ల కుదురుకునేదాక అద్దాలు ముట్టద్దు బేటా," అని వాటిని బీరువాలో పెట్టి తాళం వేసింది.

లెన్సులమ్మినాయన అన్నీ చెప్పాడు. సబ్బుతో చేతులు కడిగి తుడుచుకున్నాకే ముట్టుకోవాలి, రాత్రి తీసేయాలి, నల్లా నీళ్లు తగలనీయకూడదు, డబ్బీలో రోజూ కొత్త మందునీళ్లు పోయాలి. అమీర్ బుద్ధిగా విన్నాడు. వినడానికేం, తల్లి మాటా అంతే బుద్ధిగా వింటాడు కదా!

పెళ్లినాడు ఆచారం ప్రకారం పెళ్లికొడుకు కళ్లకు సుర్మా కాటుక పెట్టడానికి వదిన వచ్చింది. "వద్దు భాభీ" అనే మాట అమీర్ గొంతుదాకా వచ్చింది. చుట్టూ చుట్టాలు. తల్లి ఒక్క చూపుతో నోరు మూయించింది. వదిన మురుస్తూ రెండు కళ్లలోనూ సుర్మా పుల్ల లాగింది. ఆ పొడి లెన్సు కిందికి చేరి కుడి కన్ను భగ్గుమంది. ఫంక్షన్ హాల్లో చాటుకు పోయి, లెన్సు తీసి నల్లా కింద కడిగి మళ్లీ పెట్టుకున్నాడు.

కొత్త పెళ్లాం ముందు గుడ్డివాడిలా తడుముకోవడం నామోషీ అనుకున్నాడేమో, రాత్రులు కూడా లెన్సులు తీయలేదు. పెళ్లి తర్వాత మొదటి శుక్రవారం అత్తింట్లో జుమ్మగీ విందు. అప్పటికి కన్ను ఎర్రగా వాచి, వెలుతురు చూడలేకపోతున్నాడు. దుమ్ము పడిందని అబద్ధమాడాడు. తెల్లారేసరికి నల్లగుడ్డు మీద తెల్లటి చుక్క కనపడింది. ఇఖ్రా కంగారుపడి కరీంనగర్ కంటి ఆసుపత్రికి లాక్కుపోయింది.

"లెన్సు పెట్టుకునే పండుకున్నవా? నల్లా నీళ్లతోని కడిగినవా?" డాక్టరు అరిచాడు. "జర మంట పుట్టంగనే తీసేసి ఉరికిరావద్దా? పుండు పడ్డది. మందులకు మానుతది గని మచ్చ ఉంటది. ఆ కంటికి మునుపటి చూపు రాదు."

బయట బల్ల మీద కూర్చుని అమీర్ మొదటినుంచీ జరిగిందంతా చెప్పాడు.

"మా ఖాలా, గదే మా అమ్మ చెల్లె, మీ దుకాణంల మీ ఫోటో తీసి పంపింది," అంది ఇఖ్రా. "అద్దాలు పెట్టుకొని పేపర్ చదువుకుంట కూసున్నరు. గా ఫోటో చూసే ఒప్పుకున్న. పెండ్లినాడు అద్దాల్లేకుండ మిమ్మల్ని చూసి, మనిషిని మార్చిండ్రేమో అని భయపడ్డ."

"మరి అడగలేకపోయినవా?"

"మీరు చెప్పలేకపోయిండ్రా?"

అమీర్‌కు తల్లి మీద కోపం వచ్చింది, అంతకన్నా తన మీద తనకే అసహ్యం పుట్టింది. పక్కనే ఉన్న ఇఖ్రా ముఖం కుడి కంటికి పొగలో ఉన్నట్టుంది.