ఫైల్లో చేరిన బొమ్మలు

బొమ్మలాయన ఆ ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాడు, బంట్రోతు ఒక్కసారీ గుమ్మం దాటనివ్వలేదు. భార్యకి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. ఒకటి ఇస్తానని ఆమె సొంత అక్కే ముందుకొచ్చింది, డాక్టర్లూ సరేనన్నారు. మిగిలింది కిడ్నీ మార్పిడికి ఆఫీసు అనుమతి ఒక్కటే. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, అలాగే అయింది. మూడు నెలలైనా అర్జీ గుమస్తా బల్ల దాటలేదు.

మాటకి కదలనివాళ్ళు బొమ్మకైనా సిగ్గుపడతారేమోనని, పోస్టుకార్డుల మీద బొమ్మలేసి పంపడం మొదలెట్టాడు. రోజుకొకటి. కుర్చీని వీపున మోస్తున్న నత్త, సంతకం కోసం వరసలో నిలబడి గడ్డాలు పెరిగిన గడియారాలు, రబ్బరు స్టాంపు మీద తల పెట్టి గురక తీస్తున్న పెద్దాఫీసరు. భార్య మంచం మీద నుంచే రంగులు అందించేది.

"ఆఫీసరుకి ఇంకాస్త బొజ్జ పెట్టండి, పాపం చిక్కిపోయాడు," అని నవ్వేది. ఆ నవ్వు కోసమే మర్నాడు ఇంకోటి వేసేవాడు.

నలభై ఒకటో కార్డు పోస్టు చేసిన రోజునే ఆవిడ పోయింది.

నెల తిరిగాక, గుమస్తా చొక్కా పట్టుకుని నిలదీయాలనే, బంట్రోతుని తోసుకుని ఆఫీసులోకెళ్ళాడు. పేరు చెప్పగానే గుమస్తా లేచి నిలబడ్డాడు.

"బొమ్మల సారు మీరేనా! ఒక్కటి కూడా పారెయ్యలేదండీ, చూడండి." కార్డులన్నీ నంబర్లేసి, దారంతో కుట్టి ఫైల్లో ఉన్నాయి. "నత్త నేనే కదూ? మా ఆవిడకి చెప్తే పడీపడీ నవ్వింది."

"మరి ఫైలు పైకెందుకు పంపలేదయ్యా?"

"ఎలా పంపనండీ? కొత్త ఉత్తరం వస్తే, దానికి జవాబు రాశాకే ఫైలు కదలాలి. మొదటి కార్డు వచ్చిన రోజున మీ ఫైలు పైకి పంపడానికి కట్ట కట్టేశాను. మళ్ళీ విప్పాను. ఒకదానికి జవాబు రాసేలోపు ఇంకోటి వచ్చేది. ఇంకా సగానికి రాయాలి."

"ఆ ముక్క నాకు చెప్పొచ్చుగా!"

"చెప్పాలన్నా ఉత్తరమే రాయాలండీ. అదీ వరసలోనే ఉంది."

బొమ్మలాయనకి కోపం రాలేదు. వస్తే బాగుండేది. తన వేలితో తన కన్నే పొడుచుకున్నాడు, పొడుస్తుంటే ఆవిడ నవ్వింది కూడా.

"అమ్మగారికి ఇప్పుడెలా ఉందండీ?" అన్నాడు గుమస్తా.

"పోయింది."

గుమస్తా కూలబడ్డాడు. తలెత్తకుండానే ఒక తెల్లకాగితం ముందుకు జరిపాడు. "ఫైలు మూసెయ్యాలంటే... ఒక అర్జీ కావాలండీ."

నా భార్యకి ఇక అనుమతి అవసరం లేదు అని రాసిచ్చాడు బొమ్మలాయన. మూసేసే ఫైలుకి జవాబులక్కర్లేదట. ఆ సాయంత్రానికే పెద్దాఫీసరు సంతకం అయిపోయింది.